సగానికి ఒప్పుకున్న అమ్మ

మా అమ్మ ఆదరణ కూడిక రోజున నేను గుడిలో అడుగు పెట్టగానే అయ్యగారు నన్ను రెండో వరసలో కూర్చోమన్నారు.

ఆదరణ కూడిక అంటే మాకు, మనిషిని మట్టి చేసిన కొన్నాళ్ళకు బంధువులూ సంఘమూ కలిసి, పాటలు పాడి, బైబిలు వాక్యం విని, పోయినవాళ్ళ గురించి బతికుండగా చెప్పని మంచి మాటలన్నీ చెప్పి, భోజనం చేసి వెళ్ళడం. ఆ రోజు ముందు బెంచీ పోయినవాళ్ళ సొంత మనుషులది. ఎవరు ఏడ్చారు, ఎవరు ఏడవలేదు అన్నది తర్వాతి సంగతి. ముందు బెంచీ మీద ఎవరు కూర్చున్నారో ఊరు మొట్టమొదట చూస్తుంది. మా నాయన అంతకు చాలా ముందే పోయాడు. అమ్మకు కడుపున పుట్టిన బిడ్డలు లేరు. ఆ బెంచీ మీద కూర్చోవలసింది నేనొక్కదాన్నే.

"నీకు కన్నతల్లి ఉండాది గదమ్మా, అదో ఆడ కూర్చోనుండాది," అన్నారు అయ్యగారు చేతికర్రతో చూపించి. "పోయినామెకి నువ్వు చెల్లెలి కూతురివి. ముందు బెంచీలో ఆమె మరిదిని కూర్చోబెడదాం. అదీ మర్యాద."

ఆయన పాస్టరు పని నుంచి దిగిపోయి చాలా ఏళ్ళయింది. నడుము వంగింది, ఒక చెవి వినపడదు. గొంతు మాత్రం అప్పటిదే. మైకు లేకుండా గుడి చివరి గోడను తాకే గొంతు. చిన్నప్పుడు నన్ను రెండు ముక్కలు చేసింది ఆ గొంతే. ఒక ముక్క అమ్మకూ ఒక ముక్క చిన్నమ్మకూ పంచిన మనిషి, ఇప్పుడు అమ్మ పోయాక ఆ ముక్క కూడా ఆమెది కాదంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ముందు ఎవరెవరో చెప్పాలి. నేను అమ్మ అని పిలిచింది నన్ను పెంచిన మనిషిని. దొరవారిసత్రం దగ్గర పల్లెలో, కాలవ కింద కాస్త వరి పొలం ఉన్న ఇల్లు. నన్ను కన్నది ఆమె చెల్లెలు. అక్కను అమ్మ అని పిలిచేదాన్ని కాబట్టి కన్నతల్లి నాకు చిన్నమ్మ అయింది. చిన్నమ్మ కాపురం చిల్లకూరు దగ్గర, హైవే పక్కన. ఆమె భర్త, ఆయన తమ్ముడు కలిసి లారీలవాళ్ళ కోసం టీ బంకు నడిపేవాళ్ళు. నన్ను కన్న వెంటనే చిన్నమ్మకు కామెర్లు వచ్చాయి, పాలు ఎండిపోయాయి. అక్క వచ్చి నన్ను గుడ్డల్లో చుట్టుకొని తన ఊరికి తీసుకుపోయింది. దత్తత అన్న మాట ఎవరూ అనలేదు. తిరిగి పంపిస్తానని అమ్మ అనలేదు, ఇచ్చేశానని చిన్నమ్మ అనలేదు. చిన్నమ్మ కోలుకునే సరికి కడుపులో ఇంకో బిడ్డ పడ్డాడు. నేను ఎక్కడున్నదాన్ని అక్కడే ఉండిపోయాను.

నాకు బళ్ళో వేసే వయసు దాటాక చిన్నమ్మకు పుట్టిన ఆ మగబిడ్డ జ్వరంతో పోయాడు. వాణ్ణి మట్టిలో పెట్టి వచ్చి, స్నానం చేసి, చిన్నమ్మ నేరుగా మా ఊరికి బస్సెక్కింది. నేను వాకిట్లో చింతగింజలు ఆడుతున్నాను. ఆమె నా పక్కన కూర్చోలేదు, నన్ను ముట్టుకోలేదు. గుమ్మంలో నిలబడి లోపల ఉన్న అక్కతో, "నా బిడ్డను నాకియ్యి అక్కా," అనింది.

"ఏ బిడ్డ మే?" అని అడిగింది అమ్మ. తెలియక అడగలేదు.

అట్లా మొదలైంది. మా నాయనా, టీ బంకు ఆయనా ఒకరి ఇంటికి ఒకరు రావడం మానేశారు. అవ్వ ఇంట్లో పండక్కి ఇద్దరికీ వేరే వేరే పూటలు వంట చేసింది. చివరికి రెండు ఊళ్ళకూ మధ్య ఉన్న పట్నంలోని గుడికి, అయ్యగారి దగ్గరకు తగాదా చేరింది. రెండు కుటుంబాలూ ఆ సంఘంలోవే. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు బల్లకు, అంటే రొట్టె ద్రాక్షారసం తీసుకునే ఆరాధనకు, రెండు వైపుల నుంచీ అందరం అక్కడికే వచ్చేవాళ్ళం.

ఇద్దరు ఆడవాళ్ళు. చచ్చిపోయిన బిడ్డ ఒకటి, బతికున్న బిడ్డ ఒకటి. ఇంకేం కావాలి? "అచ్చం వాక్యంలో మాదిరే ఉండాదే!" అని సంఘమంతా ఆశ్చర్యపడిపోయింది. ఒకరి దుఃఖం వాక్యంలా ఉంటే మావాళ్ళకు అదొక సంబరం. అందరికన్నా ఎక్కువ సంబరపడింది అయ్యగారు. ఏళ్ళ తరబడి ఆయన ప్రసంగించిన జ్ఞాని రాజు కుర్చీ నడిచి వచ్చి ఆయన వెనకే నిలబడినట్టయింది.

ఆరాధన అయిపోయాక గుడి పక్కన గదిలో పంచాయితీ పెట్టారు. చాప మీద మధ్యలో నన్ను నిలబెట్టారు. ఒక పక్క అమ్మ, నాయన. ఇంకో పక్క చిన్నమ్మ, ఆమె భర్త. కిటికీల నిండా సంఘంవాళ్ళ తలకాయలు. అయ్యగారు కుర్చీలో కూర్చొని, గొంతు సవరించుకొని, చేసిన మొదటి పని ఏమిటంటే, ఆ కథంతా చెప్పడం. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు, ఇద్దరికీ చంటి బిడ్డలు, ఒకామె బిడ్డ నిద్రలో చచ్చిపోవడం, బతికినవాడు నావాడంటే నావాడని రాజు దగ్గర కొట్లాట. రాజు కత్తి తెప్పించి, నరికి చెరి సగం ఇచ్చేయండి అనడం. ఒకామె సరే నరకండి అనడం, ఇంకొకామె గుండె కరిగి వద్దు వద్దు బిడ్డను దానికే ఇచ్చేయండి, ప్రాణంతో ఉంటే చాలు అనడం. వద్దన్న ఆమే తల్లి అని రాజు తేల్చడం. ఒక్కొక్కరికీ ఒక్కో గొంతు పెట్టి చెప్పారు. కిటికీ దగ్గర ఎవరో కళ్ళు తుడుచుకున్నారు కూడా.

పరీక్ష పెట్టబోయే ముందు జవాబు గట్టిగా చదివి వినిపించిన పంతులు లోకంలో ఆయనొక్కరే అయి ఉంటారు.

"నా దగ్గర కత్తి లేదు," అన్నారు అయ్యగారు. "అయినా నేనూ అదే తీర్పు చెప్తా. బిడ్డను సగం చేస్తా. ఒక నెల ఆడ, ఒక నెల ఈడ. ఒప్పుకుంటారా అమ్మా?"

అని ఆగారు. గాలం వేసి బెండు వైపు చూసేవాడిలా ఇద్దరి ముఖాల వైపూ చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. ఆ కథ నాకూ తెలుసు, సండే స్కూల్లో బొమ్మలతో చెప్పారు. ఇప్పుడు ఒకరు వద్దంటారు. వద్దన్న మనిషి దగ్గరకు నేను పరిగెత్తి వెళ్ళిపోవచ్చు. ఆ ఒకరు అమ్మే అవుతుందని నాకు అనుమానమే లేదు. ఆమె చీర కుచ్చిళ్ళ వైపు ఒక కాలు అప్పుడే జరిపాను.

"సరే అయ్యగారూ," అనింది అమ్మ.

"సరే అయ్యగారూ," అనింది చిన్నమ్మ.

అయ్యగారి నోరు కొంచెం తెరుచుకొని ఉంది. ఆ రాజు కథలో ఇద్దరూ సరే అంటే ఏం చేయాలో ఎక్కడా లేదు.

పెద్దయ్యాక నాకు అర్థమైంది, ఆయన ఎక్కడ తప్పారో. మా వైపు సగం అన్న మాట ఎవరినీ భయపెట్టదు. మా ఊళ్ళో కాలవ నీళ్ళు వంతుల మీదే పారతాయి. ఈ రోజు నీ మడికి, రేపు నా మడికి. కళ్ళం వంతే, దుక్కిటెడ్ల జత వంతే. చిన్నమ్మ ఇంట్లో టీ బంకు కూడా వంతే, పొద్దున అన్నది, సాయంత్రం తమ్ముడిది. అసలు ఆ వంతుల తగాదాలు తీర్చి తీర్చే అయ్యగారికి జ్ఞాని అన్న పేరు వచ్చింది. ఆయన దగ్గరకు ఎవరు ఏ గొడవతో వచ్చినా "నెల నీకు, నెల వాడికి" అనేవారు, జనం "సరే అయ్యగారూ" అని లేచి పోయేవాళ్ళు. ఆ రోజు ఆయన కత్తి ఎత్తాననుకున్నారు. ఆ గదిలో వాళ్ళకు మాత్రం ఎప్పుడూ వినే వంతు మాటే వినపడింది.

ఆయన ఆ మాట వెనక్కి తీసుకోవచ్చు. అమ్మా, ఇది మిమ్మల్ని చూద్దామని అన్న మాట, బిడ్డ వంతుల ఎద్దు కాదు అనవచ్చు. కానీ కిటికీలో అప్పుడే "స్తోత్రం" అన్నారు. ఇంకో కిటికీలో "హల్లెలూయ" అన్నారు. అయ్యగారు మెల్లగా నోరు మూసుకొని, లేచి, నా నెత్తిన చేయి పెట్టి ప్రార్థన చేశారు. సమాధానకర్త, అంటే శాంతినిచ్చే దేవుడికి వందనాలు చెప్పారు. ఆ చేతి బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి నెల మొదటి ఆదివారం నన్ను మార్చుకునేవాళ్ళు. రొట్టె విరిచి అందరికీ పంచేవాళ్ళు, పాట పాడేవాళ్ళు, ఆశీర్వాదం అయ్యేది, గుడి మెట్ల దగ్గర నా సంచి ఒక చేతిలో నుంచి ఇంకో చేతిలోకి మారేది. ఆ సంచితో పాటు నేను. అక్కాచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. "జలుబు చేసుండాది, చన్నీళ్ళు పోయొద్దు," అని ఒకరు గాలికి చెప్పేవాళ్ళు, ఇంకొకరు గాలికి తలూపేవాళ్ళు.

రెండు బళ్ళు. ఒకచోట భాగహారం మొదలుపెడితే నేను వెళ్ళేసరికి అయిపోయేది, ఇంకోచోటకి వస్తే మళ్ళీ మొదటి నుంచి. ఒక ఇంట్లో పొద్దున చద్దన్నం, ఇంకో ఇంట్లో టీలో బన్ను. అమ్మ ఇంట్లో నిద్రపట్టే సమయానికి కప్పల అరుపులు అలవాటయ్యేవి, అలవాటైన వారానికి చిన్నమ్మ ఇంట్లో లారీల హారన్లు. చిన్నమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పోయిన పిల్లవాడి చొక్కా ఒకటి నాకు తొడిగి చూసి, సరిపోక, మడిచి పెట్టెలో పెట్టేసింది. ఆమె నా వైపు చూస్తున్నప్పుడు నా వెనక ఇంకెవరో ఉన్నట్టు చూసేది.

"ఈ నెల ఎవురి వంతే?" అని అడిగేవాళ్ళు బళ్ళో పిల్లలు. అది పర్వాలేదు. సండే స్కూల్లో ఏటా ఆ కథ వచ్చేది. బొమ్మలో కత్తి పట్టుకున్న భటుడు, తలకిందులుగా వేలాడే పసివాడు. టీచరు చెప్తుంటే పిల్లలంతా మెడలు తిప్పి నా వైపు చూసేవాళ్ళు. ఒకసారి ఒక పిల్ల అడిగేసింది: "మీ ఇద్దరమ్మల్లో దొంగమ్మ ఎవురు మే?"

ఇద్దరూ, అనుకున్నాను నేను. సగానికి ఒప్పుకున్న ఆమె తల్లి కాదని వాక్యమే చెప్తుంటే, నాకు ఇద్దరు ఒప్పుకున్నారు. లెక్క తేలికే. నాకు తల్లి లేదు. ఆ వయసులో ఆ లెక్క వేసుకొని, ఎవరికీ చెప్పకుండా, రెండు ఇళ్ళల్లోనూ పెట్టింది తిని పెరిగాను. చిన్నమ్మ మీద కోపం రాలేదు, ఆమె దగ్గర నేను ఏమీ ఆశించలేదు కాబట్టి. అమ్మ మీద వచ్చింది. జడ వేస్తుంటే తల లాక్కునేదాన్ని. ఆరో తరగతికి హాస్టల్లో వేస్తామంటే గెంతులు వేసుకుంటూ పోయాను. అక్కడ నాకొక మంచం ఉండేది, దాని మీద నెలంతా నేనే పడుకునేదాన్ని.

తర్వాత చదువు, తడ దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగం, అక్కడే కాపురం. నాయన పోయాక అమ్మ ఒంటరిదైంది. కొన్ని ఆదివారాలు వెళ్ళి వచ్చేదాన్ని. అట్లా వెళ్ళిన ఒక రోజు, వెనక వాకిట్లో ఇద్దరం రొయ్యలు ఒలుస్తుంటే, ఎందుకో నోరు జారి అడిగేశాను.

"ఆ రోజు అయ్యగారి ముందర సరే అన్నావే, ఎందుకన్నావు?"

అమ్మ తల ఎత్తలేదు. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న కోసమే కూర్చున్నట్టు, తడుముకోకుండా చెప్పింది.

"ఆ కత నాకు తెలవదనుకున్నావా? దానికే ఇచ్చేయండి అని నోట్లో దాకా వొచ్చింది. అంటే ఏమయ్యుండు? ఆయనేమన్నా రాజా? 'ఇదో, పెద్దామె ఇచ్చేమనింది, తీసకపోమ్మా' అని ప్రార్థన చేసేసుండు. లేదంటే, కత ఇని నాటకం ఆడతాండాదని అనుందురు. వద్దంటే మొత్తం పోతావు. సరే అంటే సగమన్నా మిగుల్తావు. నాకు సగం కావల్సొచ్చింది మే. సగం గూడా లేకుండా నేను బతకలేకపోయుందును."

ఒలిచిన రొయ్య గిన్నెలో వేసి, ఇంకోటి తీసుకుంది. ఆ కథలో తల్లికి అది పరీక్ష అని తెలియదు. తెలియదు కాబట్టే అరిచింది. మా అమ్మకు అంతా విప్పి చెప్పి, ఆ తర్వాత అడిగారు. కథ తెలిసిన మనిషి ఏమన్నా మోసమే అవుతుంది. ఆ రాజు తెలివి ఒక్కసారి పనికొచ్చే తెలివి. దాన్ని తరతరాలుగా గుళ్ళల్లో చాటి, చివరికి మా అమ్మ లాంటి దాని నోరు కట్టేశారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపు కన్నా ముందు కోపం వస్తుంది.

ఇదంతా కడుపులో పెట్టుకొని నేను ఆదరణ కూడిక రోజు అయ్యగారి ముందు నిలబడ్డాను.

"ఆమెకి సగం ఇచ్చింది మీరే గదా అయ్యగారూ. ఆ సగాన్ని ముందర కూర్చోనియ్యండి," అన్నాను.

ఆయన నవ్వారు. "అది చిన్నబిడ్డప్పటి ఏర్పాటమ్మా. ఇప్పుడెందుకు?"

అప్పటికే గుడి నిండింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. రెండో వరసలో నుంచి చిన్నమ్మ లేచింది. మోకాళ్ళ నొప్పితో బెంచీలు పట్టుకుంటూ వచ్చి, నా మణికట్టు పట్టుకొని ముందు బెంచీ దగ్గరకు లాక్కుపోయి, భుజం మీద నొక్కి కూర్చోబెట్టింది.

"ఇది మా యక్క బిడ్డ, అయ్యగారూ. మొత్తం మా యక్క బిడ్డే. నాది గాదు," అనింది అందరికీ వినపడేలా. వెనక్కి పోయి తన చోట కూర్చుంది.

నా జీవితమంతా ఎవరో ఒకరి నోట వినాలనుకున్న మాట అది. వింటుంటే సంతోషం కలగలేదు. ఆ మాట తీసుకోవలసిన మనిషి మట్టిలో ఉంది. ఎవరో తబలా మీద చేయి వేశారు, పాట మొదలైంది.

ఆ తర్వాత అయ్యగారు వాక్యం చెప్పడానికి లేచారు. ఆయన ఆ అవకాశం వదులుతారా? రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి, జ్ఞాని రాజు కథ ఎత్తుకున్నారు. మళ్ళీ అవే గొంతులు. ఒకప్పుడు ఈ గుడిలోనే తానొక తీర్పు చెప్పాననీ, అది సగంలో ఆగిందనీ, ఈ రోజు దేవుడు దాన్ని నెరవేర్చాడనీ అన్నారు. "చూసినారా సంఘమా! వదులుకునేదే తల్లి! ఇన్నేళ్ళకి అసలు తల్లి ఎవురో తేలింది!" అని చిన్నమ్మ వైపు చేయి చాపారు. "ఆమేన్," అంది గుడి. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు అద్దుకున్నారు. మా అమ్మ ఫోటో బల్ల మీద దండ వేసుకొని నవ్వుతూ ఉంది. ఆమె కోసం పెట్టిన కూడికలోనే ఆమె రెండోసారి తల్లి కాకుండా పోయింది. నేను ముందు బెంచీ మీద పళ్ళు బిగించుకొని కూర్చున్నాను.

భోజనాలప్పుడు చేతులు కడిగే చోట చిన్నమ్మ నా పక్కకు వచ్చింది.

"ఆయన మాటలు పట్టించుకోబాక," అనింది. "నిజం చెప్తా విను. ఆ రోజు గదిలో మా యక్క వద్దంటాదని చూస్తా నిలబడినా. అది వద్దని ఏడిస్తే నిన్ను వదిలేసి పోదామనుకున్నా. పోయిన నా బిడ్డ యాడా దొరకడని నాకు తెలవదా? కానీ అది సరే అనింది. దీనికి ఈ బిడ్డ మీద అంత ప్రాణం లేదేమో అనుకున్నా. నేనూ సరే అన్నా."

అమ్మ ఎందుకు సరే అన్నదో ఆమెకు చెప్పకుండా ఉండవచ్చు. ముసలామె, మోకాళ్ళ నొప్పి మనిషి, నాలుగు రోజులు ప్రశాంతంగా ఉండనివ్వవచ్చు. నేను చెప్పాను. రొయ్యలు ఒలుస్తూ అమ్మ చెప్పిన ప్రతి మాటా చెప్పాను. నొప్పి పుట్టాలనే చెప్పాను.

చిన్నమ్మ చేతి మీద నీళ్ళు పారుతూనే ఉన్నాయి. కుళాయి కట్టేయాలని కూడా ఆమెకు తోచలేదు. నేనే కట్టేశాను.

జనం వెళ్ళిపోయాక ఆమె గుడి మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఒకప్పుడు నన్ను మార్చుకున్న మెట్లు అవే. నా సంచి తన చేతిలోకి తీసుకుంది.

"మా ఇంటికి రా మే. ఈ నాలుగు దినాలన్నా నా కాడ ఉండు," అనింది.

సంచి ఆమె చేతిలో నుంచి మెల్లగా తీసుకున్నాను.

"ఈ నెల అమ్మ వంతు, చిన్నమ్మా," అన్నాను.

తాళం వేసి ఉన్న అమ్మ ఇంటికి దొరవారిసత్రం బస్సెక్కాను.